ఇటలీ హైస్కూల్లో లాటిన్: పాఠాన్ని నడిపిస్తున్నది పరీక్షే

2025 జూన్ 19 ఉదయం ఇటలీ అంతటా లిచేయో క్లాసికో (లాటిన్, ప్రాచీన గ్రీకు ప్రధానంగా చదివే హైస్కూలు) చివరి ఏడాది పిల్లలు లావుపాటి డిక్షనరీలు మోసుకుంటూ పరీక్ష హాళ్లలోకి వెళ్లారు. చేతికొచ్చిన ప్రశ్నపత్రంలో ప్రాచీన రోమన్ వక్త, రచయిత సిసెరో స్నేహం గురించి రాసిన గ్రంథం నుంచి ఒక భాగం ఉంది. దాన్ని ఇటాలియన్‌లోకి అనువదించాలి, ఆ తర్వాత మూడు ప్రశ్నలకు జవాబులు రాయాలి. టైము ఆరు గంటలు. ఆ భాగం క్లాసులో చెప్పినదే వస్తుందన్న హామీ ఏమీ ఉండదు. ముందెప్పుడూ చూడని పేరా వస్తుందన్న లెక్కతోనే ఐదేళ్లూ తయారవుతారు.

ఈ పరీక్షను మతురితా అంటారు. మన ఇంటర్ పరీక్షల్లాగే చదువులో ఒక మెట్టు దాటించేది ఇదే. ఇటాలియన్ వ్యాసం పేపరు అందరికీ ఒకటే. రెండో పేపరు మాత్రం చదివిన కోర్సును బట్టి మారుతుంది. క్లాసికో వాళ్లకు అది లాటిన్‌లోనో, ప్రాచీన గ్రీకులోనో ఉంటుంది. ఆ ఏడాది రెండింటిలో ఏదో విద్యాశాఖ జనవరి నెలాఖరుకు ప్రకటిస్తుంది. ఆ ప్రకటన వచ్చేదాకా పిల్లలకు ఒకటే టెన్షన్.

లాటిన్ ఎందుకు, అది చచ్చిపోయిన భాష కదా, దాని బదులు కోడింగ్ నేర్పితే పోదా అన్న వాదన ఇటలీలో వందేళ్లకు పైబడి నడుస్తోంది. సమర్థించేవాళ్లు సంస్కృతి, తర్కం, మూలాలు అంటారు. వ్యతిరేకించేవాళ్లు కాలం వృథా, వర్గ అహంకారం అంటారు. ఇద్దరి మాటల్లోనూ ‘లాటిన్’ అనే ఒక్క పదమే వినిపిస్తుంది కానీ, బడిలో నిజంగా పిల్లల వారాలనూ నెలలనూ తినేసేది వేరే ఉంది. దాని పేరు వెర్సియోనే, అంటే తెలియని లాటిన్ పేరాను డిక్షనరీ సాయంతో సొంత భాషలోకి మార్చే కసరత్తు. క్లాసు టెస్టు అదే, హోంవర్కు అదే, చివరి పరీక్షా అదే. ఇటలీలో లాటిన్ మీద వచ్చే మెచ్చుకోళ్లలోనూ తిట్లలోనూ సగానికి సగం నిజానికి ఈ కసరత్తుకు చెందాల్సినవి.

ముందు ఎవరు ఎంత చదువుతారో చూద్దాం. ఇటలీలో పిల్లలు పద్నాలుగేళ్ల వయసులో మిడిల్ స్కూల్ ముగించి, ఐదేళ్ల హైస్కూల్లో ఏదో ఒక దారి ఎంచుకుంటారు. టెక్నికల్ స్కూళ్లు, వృత్తి విద్యా స్కూళ్లు ఒక వైపు, లిచేయోలు మరో వైపు. లిచేయోల్లో క్లాసికోలో మొదటి రెండేళ్లు వారానికి ఐదు గంటలు లాటిన్, తర్వాత మూడేళ్లు నాలుగు గంటలు. దానికి తోడు గ్రీకు మొదట నాలుగు గంటలు, తర్వాత మూడు. సైన్సు ప్రధానంగా ఉండే షెంతీఫికోలో ఐదేళ్లూ వారానికి మూడు గంటలు లాటిన్ ఉంటుంది. మానవ శాస్త్రాల లిచేయోలో రెండు మూడు గంటలు, భాషల లిచేయోలో మొదటి రెండేళ్లు రెండేసి గంటలు. లాటిన్ అనగానే అందరి నోటా క్లాసికో పేరే వస్తుంది గానీ, హైస్కూల్లో చేరే పిల్లల్లో అటు వెళ్లేది ఐదారు శాతమే. నిజానికి క్లాసికోలో కన్నా షెంతీఫికోలోనే లాటిన్ చదివేవాళ్లు ఎక్కువ. ఇంజినీరు కావాలనుకునే కుర్రాడు ఐదేళ్లు వర్జిల్, సెనెకా లాంటి రోమన్ రచయితల పేర్లు వింటూ గడపడం ఇటలీలో మామూలు విషయం.

ప్రాంతాన్ని బట్టి కూడా తేడా ఉంటుంది. రోమ్ ఉన్న లాజియోలోనూ దక్షిణాదిలోనూ క్లాసికోకు ఇప్పటికీ గిరాకీ ఉంది. ఫ్యాక్టరీలు ఎక్కువగా ఉన్న వెనెతో లాంటి ఉత్తరాది ప్రాంతాల్లో తక్కువ. క్లాసికోలో అమ్మాయిలదే మెజారిటీ.

మొదటి రెండేళ్లు వ్యాకరణమే. ఐదు రకాల నామవాచక రూపాలు, ఆరు విభక్తులు, నాలుగు రకాల క్రియలు, వాటి కాలాలు. గులాబీ అనే అర్థమున్న ‘రోసా’తో మొదలుపెట్టి రోసా, రోసే, రోసే, రోసామ్ అని వల్లె వేయించడం తరతరాల ఆచారం. ఆ తర్వాత అసలు కథ మొదలవుతుంది. రోమన్ సేనాపతి సీజర్ గాల్ (ఇప్పటి ఫ్రాన్స్ ప్రాంతం) యుద్ధాల మీద రాసిన పుస్తకం ఐదో భాగంలో ఒక వాక్యం ఉంది. ఇటలీ బడుల్లో చదివే ఉచ్చారణలో అది ఇలా వినిపిస్తుంది: ‘చేసర్ కొన్యితో కొన్సిలియో ఎయోరుమ్ అద్ ఫ్లూమెన్ తమేసిమ్ ఇన్ ఫీనెస్ కస్సివెల్లౌని ఎక్సెర్చితుమ్ దుక్సిత్.’ పండితులు పునర్నిర్మించిన ప్రాచీన ఉచ్చారణ ప్రకారం ‘కైసర్’ అనాలి గానీ, ఇటలీ పంతుళ్లు చర్చి ఉచ్చారణనే పట్టుకుని ఉన్నారు.

ఈ వాక్యాన్ని చూసిన పదిహేనేళ్ల ఇటాలియన్ పిల్లవాడికి మొదటి చిక్కు క్రియ. ‘దుక్సిత్’ (నడిపించాడు) ఎక్కడో చివర ఉంది. ఇటాలియన్‌లో కర్త పక్కనే క్రియ రావాలి. అందుకే ముందు క్రియను వెతకండి, తర్వాత కర్తను పట్టుకోండి, ఆ పైన మిగతావి అతికించండి అని టీచర్లు చెబుతారు. రెండో చిక్కు ‘కొన్యితో కొన్సిలియో’ (పన్నాగం తెలియగానే). దాన్ని వ్యాకరణంలో స్వతంత్ర పంచమి లాంటి పేరుతో ఒక అధ్యాయంగా నేర్పుతారు. పిల్లలు దాన్ని చూస్తే హడలిపోతారు.

తెలుగు పాఠకుడికి మాత్రం ఇక్కడ ఒక తమాషా కనిపిస్తుంది. ఆ వాక్యాన్ని ఇంచుమించు లాటిన్ వరసలోనే, పెద్ద ముక్కలేవీ కదపకుండా తెలుగులో పెట్టొచ్చు: ‘సీజర్, వాళ్ల పన్నాగం తెలియగానే, థేమ్స్ నది వైపు, కస్సివెల్లౌనుస్ పొలిమేరల్లోకి సైన్యాన్ని నడిపించాడు.’ (కస్సివెల్లౌనుస్ అప్పటి బ్రిటన్ నాయకుడు.) క్రియ చివర రావడం మనకు కొత్త కాదు. విభక్తి ప్రత్యయాలూ కొత్త కాదు. ‘తెలియగా’, ‘పట్టుబడగా’, ‘అస్తమించగా’ అని వాక్యంలో వాక్యాన్ని ఇమిడ్చే అలవాటు మనకు పుట్టుకతో వచ్చింది. లాటిన్‌కు దగ్గరి చుట్టం ఇటాలియన్, తెలుగుకు దానితో ఏ బంధుత్వమూ లేదు. అయినా వాక్య నిర్మాణంలో లాటిన్ ఇటాలియన్ పిల్లలకే ఎక్కువ పరాయిగా అనిపిస్తుంది. పదాలు వాళ్లకు తెలిసినట్టే ఉంటాయి, వాక్యం మాత్రం ఒక పట్టాన లొంగదు. వెర్సియోనేలో దొర్లే తప్పులు చాలా వరకు ఇక్కడే పుడతాయి. పిల్లవాడు తెలిసిన పదాలను చూసి అర్థం ఊహించేసి, ఆ ఊహకు వ్యాకరణాన్ని వంచుతాడు.

డిక్షనరీ అన్నామే, ఇక్కడ దాని హోదా చిన్నది కాదు. 1966లో మొదటిసారి వచ్చిన కస్తిల్యోని-మరియొత్తి డిక్షనరీని పిల్లలు అన్నల నుంచి, అక్కల నుంచి వారసత్వంగా పుచ్చుకుంటారు. ఒక్క క్రియకు పేజీల కొద్దీ అర్థాలు, వాటి కింద సిసెరో నుంచో రోమన్ చరిత్రకారుడు లివీ నుంచో తీసిన ఉదాహరణలు, వాటికి అనువాదాలు ఉంటాయి. పరీక్షలో ఇచ్చిన వాక్యమే డిక్షనరీలో ఉదాహరణగా దొరికితే పండగే. దాంతో వెతుకులాటే ఒక నైపుణ్యమైపోయింది. కొందరు పిల్లలు లాటిన్ చదవడం కన్నా డిక్షనరీ తిప్పడంలో ఆరితేరుతారు. ఐదేళ్లు చదివి కూడా డిక్షనరీ లేకుండా అర పేజీ గద్యం చదవలేని వాళ్లు కోకొల్లలు. వారానికి నాలుగైదు గంటల లెక్కన అన్నేళ్లు ఇంగ్లిష్ చదివి కూడా అర పేజీ చదవలేకపోతే ఏ దేశంలోనైనా గగ్గోలు పుడుతుంది. లాటిన్ విషయంలో మాత్రం అది సహజమే అన్నట్టు ఊరుకుంటారు. ఇది ఊరుకోవాల్సిన సంగతి కాదు.

ఇంటి దగ్గర చేసే వెర్సియోనే సంగతి సరేసరి. ప్రసిద్ధ రచయితల భాగాలన్నింటికీ అనువాదాలు ఏళ్ల తరబడి ఇంటర్నెట్‌లో ఉన్నాయి. ఇప్పుడు ఏఐ వచ్చాక అది కూడా వెతకనక్కర్లేదు. తేడా అల్లా క్లాసు టెస్టు రోజున బయటపడుతుంది. మార్కులు పదికి, పాసుకు ఆరు. జూన్‌లో ఆరు రాకపోతే ‘దేబితో’ అంటారు, అంటే బాకీ. వేసవి సెలవులయ్యే లోపు మళ్లీ పరీక్ష రాసి బాకీ తీర్చాలి. లెక్కలతో పాటు ఈ బాకీ ఎక్కువగా పడే సబ్జెక్టుల్లో లాటిన్ ఒకటి. తీర్చడానికి ట్యూషన్ పెట్టించుకోవాలి. ఫీజు లేని ప్రభుత్వ బడిలో డబ్బున్న ఇంటికీ లేని ఇంటికీ తేడా ఈ ట్యూషన్ దగ్గర మొదలవుతుంది.

ఈ పద్ధతి ఇంత గట్టిగా పాతుకుపోవడానికి కారణం చరిత్రలో ఉంది. 1859లో కసాతి చట్టం ఐదేళ్ల జిన్నాసియో (లిచేయోకు ముందుండే బడి), ఆపైన మూడేళ్ల లిచేయో పెట్టింది. రెండింటికీ వెన్నెముక లాటిన్, గ్రీకు. 1923లో ముస్సోలినీ ప్రభుత్వంలో విద్యామంత్రిగా ఉన్న తత్త్వవేత్త జొవాన్ని జెంతిలే చదువుల వ్యవస్థను తిరగరాశాడు. ముస్సోలినీ దాన్ని ఫాసిస్టు సంస్కరణల్లోకెల్లా ఫాసిస్టు సంస్కరణ అని పొగిడాడు. దాని సారం సూటిగా చెప్పాలంటే, యూనివర్సిటీలో ఏ కోర్సుకైనా వెళ్లే హక్కు క్లాసికో చదివినవాళ్లకే. షెంతీఫికో చదివితే న్యాయశాస్త్రం, సాహిత్యం తలుపులు మూసుకున్నట్టే. టెక్నికల్ స్కూళ్ల వాళ్ల దారి ఇంకా ఇరుకు. లాయరు కావాలన్నా, ప్రొఫెసరు కావాలన్నా లాటిన్ వెర్సియోనే గట్టెక్కాల్సిందే. ఒక భాషా పరీక్ష సామాజిక వడపోతగా మారడమంటే ఇదే.

1940లో పదకొండేళ్ల వయసు దగ్గరి వడపోతకు కొత్త రూపం వచ్చింది. అప్పటి మంత్రి బొత్తాయి జిన్నాసియో మొదటి మూడేళ్లను విడదీసి లాటిన్ ఉండే మిడిల్ స్కూల్‌గా మార్చాడు. పనిలో చేరాల్సిన పిల్లలకు లాటిన్ లేని వేరే బడి ఉండేది. అందుకే క్లాసికో మొదటి ఏడాదిని నిన్నమొన్నటి దాకా ‘నాలుగో జిన్నాసియో’ అనేవారు. ముందున్న మూడు తరగతులు ఎప్పుడో వేరుపడ్డా నంబర్లు మాత్రం అలాగే మిగిలాయి. ఇప్పటికీ ఆ మాట వాడే కుటుంబాలున్నాయి, అలా అనడంలో కాస్త దర్జా కూడా ఉంది.

యుద్ధం ముగిసి, దేశం గణతంత్రమయ్యాక పదకొండేళ్ల పిల్లల్ని లాటిన్ గీత గీసి రెండు జాతులుగా విడదీయడం ఏమిటన్న ప్రశ్న వచ్చింది. తేలడానికి చాలా ఏళ్లు పట్టింది. 1962 డిసెంబర్ 31 నాటి చట్టంతో పద్నాలుగేళ్ల దాకా అందరికీ ఒకే మిడిల్ స్కూల్ వచ్చింది. లాటిన్ విషయంలో మధ్యేమార్గం పట్టారు. రెండో ఏడాది ఇటాలియన్‌తో కలిపి కొద్దిగా, మూడో ఏడాది ఇష్టమైతే. అయితే క్లాసికోలో చేరాలంటే ఆ ఐచ్ఛిక లాటిన్‌లో పాసవ్వాలని మెలిక పెట్టారు. పేరుకు ఐచ్ఛికం, పనికి అదే పాత గేటు. 1969లో ఐదేళ్ల హైస్కూల్ ఏది చదివినా యూనివర్సిటీలో ఏ కోర్సులోనైనా చేరొచ్చని చట్టం వచ్చింది. 1977లో మిడిల్ స్కూల్ నుంచి లాటిన్‌ను పూర్తిగా తీసేశారు. 2010లో హైస్కూళ్లను మళ్లీ సర్దినప్పుడు షెంతీఫికోలో లాటిన్ లేని, కంప్యూటర్ సైన్స్ ఉన్న శాఖ ఒకటి పుట్టింది. పిల్లలు పెద్ద సంఖ్యలో అటు మళ్లారు.

చట్టం వేసిన గొళ్లెం 1969తోనే ఊడింది. వెర్సియోనే మాత్రం చెక్కుచెదరలేదు. గేటు పోయినా గేటు దగ్గరి తనిఖీ కొనసాగింది. ఇప్పటి చర్చలో దీని ఊసు ఎత్తేవాళ్లు తక్కువ.

లాటిన్ అంటే కుడిపక్షం సమర్థిస్తుంది, వామపక్షం వ్యతిరేకిస్తుంది అనుకుంటే పప్పులో కాలేసినట్టే. ఫాసిస్టు జైల్లో కూర్చుని 1930లలో అంతోనియో గ్రాంషి రాసుకున్న నోటు పుస్తకాల్లో బడిలో లాటిన్ గురించి ఒక పదునైన చర్చ ఉంది. వెయిటర్లుగానో దుబాసీలుగానో పనికి కుదరడానికి ఎవరూ లాటిన్, గ్రీకు నేర్వలేదంటాడు. కదలకుండా కూర్చోవడం, శ్రద్ధ, నిక్కచ్చితనం, ఒక భాష పుట్టుక నుంచి చావు దాకా చూసి చరిత్ర అంటే ఏమిటో తెలుసుకోవడం, ఇవన్నీ ఆ చదువు ఇచ్చిందంటాడు. ఏదో ఒక రోజు బడిలో ఆ స్థానాన్ని ఇంకో విషయంతో భర్తీ చేయక తప్పదు, కానీ అంత పని చేసిపెట్టే విషయాన్ని సమకూర్చడం తేలిక కాదన్నది అతని అంచనా. సార్డీనియాలో లేమిలో పెరిగి చదువుకున్న కమ్యూనిస్టు అన్న మాట ఇది. యుద్ధం తర్వాత మిడిల్ స్కూల్లో లాటిన్ ఉండాలని గట్టిగా నిలబడ్డ కొంచెత్తో మార్కేసి కూడా కమ్యూనిస్టే, పేరున్న లాటిన్ పండితుడు. పేదవాడి బిడ్డకు అందకుండా పోతోందని లాటిన్‌ను తీసేస్తే, పేదవాడి బిడ్డకు దక్కాల్సినదాన్నే తీసేసినట్టవుతుందన్నది ఈ వైపు వాదన. అవతలి వాదన కూడా అంతే బలమైనది: పిల్లల్ని వదిలించుకోవడానికి వాడే సాధనాన్ని ఎంత గొప్పదని పొగిడినా అది వదిలించుకునే సాధనమే.

ఇంగ్లండ్‌తో పోల్చి చూస్తే ఇటలీ ప్రత్యేకత తెలుస్తుంది. అక్కడ 2021లో ప్రభుత్వం చెప్పిన లెక్క ప్రకారం హైస్కూల్ తొలి తరగతుల్లో లాటిన్ చెప్పేవి ప్రభుత్వ బడుల్లో 2.7 శాతమే, ఫీజులు కట్టే ప్రైవేటు బడుల్లో మాత్రం 49 శాతం. అంటే అక్కడ లాటిన్ డబ్బుతో కొనుక్కునే వస్తువు. ఇటలీలో లిచేయోలు ప్రధానంగా ప్రభుత్వ బడులే. రోమ్‌లో లాయరు కూతురు, కలాబ్రియా పల్లెలో పోస్ట్‌మన్ కొడుకు ఒకే సిలబస్, ఒకే పేపరు రాస్తారు. ఇది చిన్న విషయమేమీ కాదు. కాకపోతే పద్నాలుగేళ్లకు క్లాసికో ఎంచుకునే ధైర్యం ఏ ఇంట్లోంచి వస్తుందన్నది వేరే ప్రశ్న. అమ్మానాన్నలు డిగ్రీ చదివిన ఇళ్ల నుంచి ఎక్కువ వస్తుందన్నది అక్కడ అందరికీ తెలిసిందే.

ఇక ‘లాటిన్ బుర్రకు పదును పెడుతుంది’ అన్న మాట. తల్లిదండ్రులు పిల్లల్ని చేర్పించేటప్పుడు ఎక్కువగా వినిపించేది ఇదే. దీన్ని పరీక్షించినవాళ్లున్నారు. అమెరికా మనస్తత్వవేత్త ఎడ్వర్డ్ థార్న్‌డైక్ 1924లో వేలమంది హైస్కూల్ విద్యార్థుల మీద చూస్తే, లాటిన్ చదివినందువల్ల ఆలోచనాశక్తి ప్రత్యేకంగా పెరిగిన దాఖలా దొరకలేదు. మొదటే తెలివిగా చదివే పిల్లలు లాటిన్ తీసుకుంటారు కాబట్టి లాటిన్ వల్ల తెలివి వచ్చినట్టు కనిపిస్తుందని ఆయన తేల్చాడు. 2003లో జర్మనీలో లుడ్విగ్ హాగ్, ఎల్స్‌బెత్ స్టెర్న్ ఇంకో కోణం చూశారు. బడిలో లాటిన్ చదివినవాళ్లు, ఫ్రెంచ్ చదివినవాళ్లు స్పానిష్ నేర్చుకుంటే ఎవరికి తేలిక? ఫ్రెంచ్ చదివినవాళ్లే తక్కువ తప్పులు చేశారు. క్లాసికో పిల్లలు యూనివర్సిటీలో బాగా రాణిస్తారని ఇటలీలో తరచూ చెప్పే మాటకూ ఇదే చిక్కు ఉంది. వాళ్లు ఏ బడిలో చదివినా రాణించేవాళ్లేమో.

2014 నవంబర్‌లో తురిన్‌లోని కరిన్యానో థియేటర్లో లిచేయో క్లాసికో మీద ఉత్తుత్తి విచారణ ఒకటి జరిపారు. ఆర్థికవేత్త ఆంద్రెయా ఇకీనో ప్రాసిక్యూటరు, రచయిత ఉంబెర్తో ఎకో డిఫెన్సు లాయరు. నిర్దోషి అని తీర్పు వచ్చింది. ఎకో ఒకవైపు నిలబడితే ఇంకో తీర్పు రావడం కష్టమే. కానీ బోనులో నిలబెట్టింది బడిని. వెర్సియోనేను నిలబెట్టి ఉంటే కేసు అంత తేలిగ్గా తేలేది కాదు.

బుర్రకు పదును అన్న వాదన వీగిపోతే లాటిన్ వీగిపోయినట్టు కాదు. సంగీతం వల్ల లెక్కలు బాగా వస్తాయా రావా అన్నదాన్ని బట్టి సంగీతం నేర్పాలో వద్దో ఎవరూ తేల్చరు. లాటిన్ చదవడానికి అసలు కారణం లాటిన్‌లో ఉన్నది చదవడం. ఆ సంపద మూడో ఏడాది నుంచి మొదలవుతుంది: ప్లౌతుస్ హాస్య నాటకాలు, కతుల్లుస్, లుక్రేతియుస్, సీజర్, సిసెరో, తర్వాత వర్జిల్, హోరెస్, ఓవిడ్, లివీ, చివరి ఏడాది సెనెకా, తాసితుస్, పెత్రోనియుస్, అపులేయుస్, అగస్టీన్ దాకా.

కతుల్లుస్ 85వ కవితనే తీసుకుంటే చాలు. ఉన్నవి రెండు పాదాలు. ‘ఓది ఎత్ ఆమో’ అని మొదలవుతుంది. తెలుగులో ఇంచుమించు ఇలా వస్తుంది: ‘ద్వేషిస్తున్నాను, ప్రేమిస్తున్నాను. ఎందుకలా అని అడుగుతావేమో. తెలీదు. అలా జరుగుతోందని మాత్రం తెలుస్తోంది, నలిగిపోతున్నాను.’ మొత్తం పద్నాలుగు మాటలు. అందులో ఎనిమిది క్రియారూపాలు. ఒక్క నామవాచకం లేదు, ఒక్క విశేషణం లేదు. ప్రియురాలి పేరు లేదు, చంద్రుడు లేడు, పువ్వు లేదు. జరగడం ఒక్కటే ఉంది. రెండు వేల ఏళ్ల నాటి ఈ రెండు పాదాలు పదిహేడేళ్ల పిల్లకు చప్పున తగులుతాయి, ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేదు. ఆ పిల్లే మర్నాడు క్లాసు టెస్టులో ఓ సేనాపతి నది దాటించే పేరాలో క్రియ ఎక్కడుందో వెతుకుతూ గంటన్నర కూర్చుంటుంది. సాహిత్య చరిత్ర ఒక పట్టాలమీద, అనువాద కసరత్తు ఇంకో పట్టామీద నడుస్తుంటాయి. రెండూ కలిసేది తక్కువ.

షెంతీఫికోలో ఈ చీలిక ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. అక్కడ మతురితా రెండో పేపరు లెక్కలు, లాటిన్ రాతపరీక్ష లేదు. కాబట్టి మొదటి రెండేళ్లు వ్యాకరణం లాగించాక, పై తరగతుల్లో చాలాచోట్ల రచయితల జీవితాలు, ఇటాలియన్ అనువాదంలో భాగాలు, పక్కన కొద్దిపాటి మూలం. సంప్రదాయవాదులు దీన్ని పతనం అంటారు. చిత్రమేమిటంటే వర్జిల్ రాసిన ఇతిహాసాన్ని మొదటి నుంచి చివరిదాకా అనువాదంలోనైనా చదివించాలంటే క్లాసికో కన్నా ఇక్కడే వీలెక్కువ. మూలం చేజారుతుంది, కథ దక్కుతుంది. ఏది మేలో తేల్చడం కష్టం గానీ, పరీక్ష ఎటు తిరిగితే పాఠం అటు తిరుగుతుందన్నది మాత్రం ఇక్కడ తేటతెల్లం.

తెలుగువాళ్లకు ఈ సూత్రం కొత్తగా చెప్పనక్కర్లేదు. మన ఇంటర్మీడియట్‌లో ఏళ్లుగా సంస్కృతం సెకండ్ లాంగ్వేజ్‌గా తీసుకునేవాళ్లలో చాలామంది కాళిదాసు కోసం తీసుకోరు. మార్కుల కోసం తీసుకుంటారు. జవాబులు దేవనాగరిలో కాక తెలుగులోనో ఇంగ్లిష్‌లోనో రాసే వెసులుబాటు ఉన్నందువల్ల, వందకు తొంభై తొమ్మిది తెచ్చుకుని ఒక్క శ్లోకం చదవలేనివాళ్లు ఇంటింటికీ ఉన్నారు. ఇటలీలో లాటిన్ భయపెట్టే సబ్జెక్టు, ఇక్కడ సంస్కృతం స్కోరింగ్ సబ్జెక్టు. ఒకచోట పరీక్ష మరీ బిగుసుకుంది, ఇంకోచోట మరీ సడలింది. రెండుచోట్లా చివరికి డిక్షనరీ లేకుండానో గైడు లేకుండానో నాలుగు వాక్యాలు చదివి ఆనందించేవాడు అరుదే.

ఇటలీలో ఈ విషయం గుర్తించినవాళ్లు లేకపోలేదు. డెన్మార్క్‌కు చెందిన హన్స్ ఓర్‌బెర్గ్ 1950లలో ఒక పద్ధతి తయారుచేశాడు. అందులో మొదటి పేజీ నుంచీ అంతా లాటిన్‌లోనే ఉంటుంది. ఒక రోమన్ కుటుంబం కథ, చిన్న చిన్న వాక్యాలు, పక్కన బొమ్మలు. అర్థం సందర్భాన్ని బట్టే తెలియాలి. వ్యాకరణం కథ వెనకాల వస్తుంది. దీన్ని ఇటలీకి తెచ్చి ప్రచారం చేసినవాడు లుయీజి మిరాల్యా. ఈ పద్ధతిలో చదివిన పిల్లలు డిక్షనరీ తక్కువ చూస్తూ పేజీలు పేజీలు చదవగలుగుతారు. ఇబ్బందల్లా పాత పద్ధతి టీచర్ల దగ్గర చదివే క్లాసుకు మారినప్పుడే వస్తుంది. అక్కడ మళ్లీ ‘ఇది ఏ విభక్తి, ఎందుకు’ అన్న ప్రశ్నకు తడుముకోకుండా జవాబివ్వాలి. యూనివర్సిటీ లాటిన్ అధ్యాపకుల సంఘం ప్రాంతీయ విద్యా కార్యాలయాలతో కలిసి ఇంగ్లిష్‌కు ఉన్నట్టే లాటిన్‌కూ ఏ1, ఏ2, బీ1, బీ2 స్థాయిల సర్టిఫికెట్ పరీక్షలు పెట్టింది. అందులో అనువాదం కన్నా చదివి అర్థమైందో లేదో చూడటమే ముఖ్యం. మరోవైపు పాత కసరత్తు వైభవం కూడా తగ్గలేదు. సిసెరో పుట్టిన ఊరు అర్పీనోలో 1980 నుంచి ప్రతి ఏటా జరిగే పోటీకి వివిధ దేశాల హైస్కూల్ పిల్లలు వచ్చి సిసెరో పేరాను అనువదించి వ్యాఖ్య రాస్తారు. పతకం వస్తే ఊళ్లో పేరు మారుమోగుతుంది.

అసలు పరీక్షలోనూ కదలిక 2019లో వచ్చింది. అంతకుముందు ఒంటరి పేరా ఇచ్చి నాలుగు గంటల్లో అనువదించమనేవారు. ముందూ వెనకా ఏముందో తెలియదు, ఎవరు ఎవరితో ఎందుకన్నారో తెలియదు. 2019 నుంచి అనువదించాల్సిన పది పన్నెండు వరసలకు ముందున్న భాగం, తర్వాతి భాగం ఇటాలియన్‌లో ఇస్తున్నారు. మూడు ప్రశ్నలు చేర్చారు: ఒకటి అర్థం మీద, ఒకటి భాష, శైలి మీద, ఒకటి విద్యార్థి సొంత ఆలోచన మీద. మొదటి ఏడాది గల్బా చక్రవర్తి హత్య మీద తాసితుస్ రాసిన భాగం ఇచ్చి, అదే ఘటన మీద గ్రీకు రచయిత ప్లూతార్క్ రాసినదాన్ని పక్కన పెట్టి పోల్చమన్నారు. ఈ చిన్న మార్పు ముఖ్యమైనదే. సందర్భం చేతికొచ్చాక డిక్షనరీ కన్నా బుర్ర ఎక్కువ పనిచేస్తుంది. చాలామంది టీచర్లు దీన్ని తేలిక చేయడం అని చిన్నచూపు చూశారు. నిజానికి ఇది పేరాను మళ్లీ పుస్తకంలో పెట్టడం.

ఇప్పుడు కొత్త అంకం మొదలవుతోంది. 2025 జనవరిలో విద్యామంత్రి జుసెప్పె వల్దితార మిడిల్ స్కూల్ రెండో ఏడాది నుంచి లాటిన్‌ను ఐచ్ఛికంగా తిరిగి తెస్తామని ప్రకటించాడు. 2026-27 విద్యా సంవత్సరం దీనికి ముహూర్తం. వారానికి ఒక గంట లెక్కన, ఇటాలియన్‌కు మూలం ఎక్కడుందో, పదాలు ఎలా మారాయో చూపడం లక్ష్యమంటున్నారు. 1977లో తీసేసినదాన్ని మళ్లీ తెస్తున్నారని ఒకవైపు సంబరం, ఒకవైపు ఆందోళన. రెండూ కాస్త అతిగానే ఉన్నాయి. వారానికి గంటలో ఎవరూ లాటిన్ నేర్చుకోలేరు, ఆ గంటతో ఎవరి సమానత్వమూ కూలిపోదు. కాకపోతే ఒకటి గమనించాలి. 1962 నాటి ఐచ్ఛిక లాటిన్‌కు వెనక క్లాసికో గేటు ఉండేది. ఈసారి దాని వెనక వెర్సియోనే లేదు, ఏ ప్రవేశపరీక్షా లేదు. మార్కుల బెడద లేకుండా ఇటలీ ప్రభుత్వ బడిలో లాటిన్ చెప్పే అవకాశం చాలా ఏళ్ల తర్వాత దొరుకుతోంది. ఆ గంటలో ఏం చెప్పాలన్నది చాలావరకు టీచరు చేతిలోనే ఉంటుంది. కథ చెప్పొచ్చు, శాసనం మీది అక్షరాలు చదివించొచ్చు, లేదంటే ఎవరూ అడగకపోయినా రోసా, రోసే అని వల్లె వేయించొచ్చు. అక్కడ రెండేళ్లు చదివిన పిల్లలు పద్నాలుగేళ్లకు లిచేయోలో చేరాక మాత్రం, అసలేమీ చదవని పిల్లల పక్కనే కూర్చుని, సెప్టెంబర్‌లో అదే మొదటి పేజీ తెరవాలి.